ఒకే మహమ్మారి, వయసుకో గాయం

కొవిడ్ ప్రాణాలు తీసిన వరుస ఒకటి, మనసులను కుంగదీసిన వరుస మరొకటి. వైరస్ సోకితే చనిపోయే ముప్పు వయసుతో పాటే పెరుగుతూ పోయింది. డెబ్బై దాటిన వారికి అది పెనుగండం. ఇరవై ఏళ్ల వారిలో అత్యధికులకు నాలుగు రోజుల జ్వరం. మానసిక బాధ దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడింది. 2020 జూన్ చివరి వారంలో అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) ఐదు వేల మందికి పైగా వయోజనులను ప్రశ్నించింది. ఆందోళన, కుంగుబాటు, మత్తు పదార్థాల వాడకం వంటి వాటిలో కనీసం ఒక్కదానితోనైనా సతమతమవుతున్నవారు 18–24 ఏళ్ల వారిలో దాదాపు 75 శాతం ఉన్నారు. 65 దాటిన వారిలో 15 శాతమే. అంతకు ముందు 30 రోజుల్లో ఆత్మహత్య గురించి తీవ్రంగా ఆలోచించామని చెప్పినవారు యువతలో నలుగురికి ఒకరు, వృద్ధుల్లో నూటికి ఇద్దరు.

చావుకు దగ్గరగా ఉన్నవారు నిబ్బరంగా ఉన్నారు, దూరంగా ఉన్నవారు విలవిలలాడారు. మానసిక సమస్యలకు ప్రాణభయమే మూలమైతే ఇలా జరగకూడదు. ఈ తరం పిల్లలకు ఓర్పు లేదన్న మాటతో దీన్ని కొట్టిపారేసిన పెద్దలు ఎందరో ఉన్నారు. అది అన్యాయమైన మాట, పైగా తప్పు మాట. మహమ్మారి మనసును రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. జబ్బు, చావు, వాటి భయం తెచ్చే బాధ ఒకటి. ఏ వయసులో ఏ పని జరగాలో ఆ పనిని ఆపేయడం రెండోది. పసిబిడ్డకు పెద్దల ముఖాలు చూసి లోకాన్ని అర్థం చేసుకోవడం పని. పదిహేనేళ్ల వారికి ఇంటికి అవతల తనకంటూ ఒక గుంపును వెతుక్కోవడం పని. ఇరవై రెండేళ్ల వారికి చదువు, ఉద్యోగం, ప్రేమల్లో తొలి అడుగు వేయడం పని. డెబ్బై అయిదేళ్ల వారికి ఎన్నో ఏళ్లుగా అల్లుకున్న బంధాలను నిలబెట్టుకోవడం పని. వీటిలో ఏది ఆగిపోయిందన్న దాన్ని బట్టే గాయం లోతు ఉంటుంది.

సగటు లెక్కలు ఎందుకు మోసం చేస్తాయి

మహమ్మారి తొలి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. అంతకు ముందు, 2021 అక్టోబరులో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఒక్క 2020లోనే తీవ్ర కుంగుబాటు బాధితులు అదనంగా 5.32 కోట్లు, ఆందోళన రుగ్మతల బాధితులు అదనంగా 7.62 కోట్లు పెరిగారని అంచనా వేసింది. పురుషుల కంటే స్త్రీలలో, వయసుల్లో 20–24 ఏళ్ల వారిలో పెరుగుదల ఎక్కువ. వైరస్ ఎక్కువగా వ్యాపించిన చోట్ల, జనం రాకపోకలు బాగా తగ్గిన చోట్ల ఆ భారం ఇంకా పెరిగింది.

దీనికి విరుద్ధంగా కనిపించే ఫలితం ఒకటి 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. మహమ్మారికి ముందు, తర్వాత అవే బృందాలను పరిశీలించిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే, మొత్తం జనాభా మానసిక స్థితిలో వచ్చిన మార్పు చాలా స్వల్పమని ఆ సమీక్ష తేల్చింది. స్త్రీలలో మాత్రం పరిస్థితి కొంత దిగజారింది. ఈ ఫలితాన్ని పట్టుకుని అంతా అతిశయోక్తి అన్నవారు ఉన్నారు. కానీ రెండూ నిజం కావచ్చు. ఇంట్లోనే ఉద్యోగం చేసుకునే వెసులుబాటు, తోడుగా కుటుంబం, నెలనెలా జీతం ఉన్న మనిషికి ఆ రోజులు కొంత ఊరట కూడా ఇచ్చాయి. అదే సమయంలో ఉపాధి పోయిన వారు, ఒంటరిగా చిక్కుకుపోయిన వారు కుంగిపోయారు. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. పైగా ఇలాంటి అధ్యయనాల్లో అధిక భాగం సంపన్న దేశాల్లో జరిగినవే. ఫోను, ఇంటర్నెట్ లేని మనిషి బాధ ఆన్‌లైన్ సర్వేలో ఎక్కడా నమోదు కాదు.

పసివాళ్లు: పెద్దల ముఖాల్లో చదువుకున్న భయం

నాలుగేళ్ల పిల్లకు వైరస్ అంటే ఏమిటో తెలియదు. అమ్మ గొంతు ఎందుకు మారిందో, నాన్న రాత్రంతా ఎందుకు తిరుగుతున్నాడో మాత్రం తెలుస్తుంది. ఆ వయసు పిల్లలు బాధను మాటల్లో చెప్పలేరు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. వదలకుండా కొంగు పట్టుకుని తిరుగుతారు. బొమ్మకు మాస్కు కట్టి, మంచం మీద పడుకోబెట్టి, దాని దగ్గరికి ఎవరూ రాకూడదని చెబుతారు. అలాంటి ఆటను చూసి కంగారుపడి ఆపించిన తల్లిదండ్రులు ఉన్నారు. నిజానికి అది పిల్లల మనసు తన పని తాను చేసుకుంటున్న తీరు. భయాన్ని ఆటగా మార్చుకోగలిగిన పిల్ల కొంత తేరుకున్నట్టే.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో పుట్టిన 255 మంది శిశువులను ఆరు నెలల వయసులో పరిశీలించారు. తల్లికి గర్భంతో ఉండగా కొవిడ్ సోకిందా లేదా అన్నది శిశువు ఎదుగుదలలో తేడా చూపలేదు. మహమ్మారికి ముందు పుట్టిన వారితో పోలిస్తే మాత్రం ఈ పిల్లలు కదలికల్లో, మనుషులతో కలివిడితనంలో కాస్త వెనుకబడ్డారు. అంటే వైరస్ కంటే ఆ రోజుల వాతావరణమే వారిపై ప్రభావం చూపి ఉండవచ్చు. తేడా చిన్నదే. పిల్లల మెదడు తొందరగా పుంజుకునే వయసు కూడా అదే. కాబట్టి దీన్ని ఒక తరం పాడైపోయిందనే దాకా లాగడం తగదు.

అంత తేలిగ్గా తేరుకోలేని పిల్లలు వేరే ఉన్నారు. 2020 మార్చి నుంచి 2021 ఏప్రిల్ వరకు, కేవలం 14 నెలల్లో, ప్రపంచంలో 15 లక్షల మందికి పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, తమను సాకుతున్న అవ్వాతాతల్లో ఒకరినో కోల్పోయారని లాన్సెట్‌లో వచ్చిన అంచనా. ఆ తర్వాతి వేవ్‌లలో ఆ సంఖ్య ఇంకా పెరిగింది. వీరి నష్టం లాక్‌డౌన్‌తో మొదలై లాక్‌డౌన్‌తో ముగిసినది కాదు. ఇల్లు మారుతుంది, బడి మారుతుంది, సంపాదించే చెయ్యి పోవడంతో చదువే ఆగిపోతుంది. మహమ్మారి మానసిక ప్రభావం అనగానే తెర ముందు కూర్చున్న పిల్లల బొమ్మే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ అనాథ పిల్లల ప్రస్తావన అంతగా రాదు. ఎక్కువ కాలం, ఎక్కువ శ్రద్ధ అవసరమైంది వీరికే.

కౌమారం: అన్నిటికంటే పెద్ద దెబ్బ

బడులు మూతపడ్డ తొలి నెలల్లో ప్రపంచంలో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగిందని యునెస్కో లెక్క. చదువు నష్టం గురించి వెంటనే చర్చ మొదలైంది. కానీ పన్నెండు దాటిన పిల్లలకు బడి అంటే పాఠాలు మాత్రమే కాదు. గంటకూ గంటకూ మధ్య అయిదు నిమిషాల గుసగుసలు, అలకలు, రాజీలు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న రాజకీయం, ఇవన్నీ కలిస్తేనే ఆ వయసులో మనిషి తయారవుతాడు. ఇంటి నుంచి విడివడి తానెవరో తేల్చుకోవడమే కౌమారంలో అసలు పని అని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ ఏనాడో చెప్పారు. ఆ పని సాటివారి మధ్యే జరుగుతుంది. తల్లిదండ్రులు ఎంత మంచివారైనా ఆ లోటు తీర్చలేరు.

ఆ రోజుల్లో పదిహేనేళ్ల అమ్మాయి తరగతి ఎలా ఉండేదో ఒకసారి చూడాలి. ఉదయం మంచం మీదే ల్యాప్‌టాప్ తెరుస్తుంది. కెమెరా ఆపేస్తుంది. తెర మీద నలభై నల్లటి గళ్లు, వాటిలో నలభై పేర్లు. టీచర్ పిలిచినప్పుడు మాత్రం మైకు నొక్కి ‘ఉన్నాను టీచర్’ అంటుంది. సాయంత్రానికి ఆమెను చూసి నవ్వినవారు గానీ, ఏమైందని అడిగినవారు గానీ ఉండరు. రాత్రి రెండింటి దాకా ఫోనులో ఇతరుల ముఖాలు చూస్తూ ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే. ఇలా ఏడాది గడిచింది.

పర్యవసానం అంకెల్లో కనబడింది. 80 వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని క్రోడీకరించి 2021లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం ప్రతి నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు, అయిదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు ఉన్నాయి. మహమ్మారికి ముందు అంచనాల కంటే ఇవి దాదాపు రెట్టింపు. ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. అమెరికాలో ఆత్మహత్యాయత్నం అనుమానంతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 12–17 ఏళ్ల బాలికల సంఖ్య, 2019తో పోలిస్తే 2021 ఫిబ్రవరి–మార్చిలో 50 శాతానికి పైగా పెరిగింది. అదే వయసు బాలుర్లో పెరుగుదల 4 శాతం లోపే. ఆహారం మానేసి శరీరాన్ని శిక్షించుకునే రుగ్మతలు కూడా చాలా దేశాల్లో టీనేజీ బాలికల్లో ఎక్కువయ్యాయి. 2021 అక్టోబరులో అమెరికా పిల్లల వైద్య నిపుణుల సంఘాలు పిల్లల మానసిక ఆరోగ్యాన్ని జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించాయి. అప్పటికే ఒక దశాబ్దంగా టీనేజీ కుంగుబాటు పెరుగుతూ వస్తోందన్నది కూడా గుర్తుంచుకోవాలి. మహమ్మారి ఆ మంటను రాజేయలేదు, ఎగదోసింది.

అందరు పిల్లలదీ ఒకే కథ కాదు. బడిలో వేధింపులకు గురైన పిల్లలు, నలుగురిలో నోరు విప్పాలంటే వణికే పిల్లలు ఇంటి దగ్గర ఊపిరి పీల్చుకున్నారు. తెల్లవారకముందే లేవాల్సిన బాధ తప్పి కంటినిండా నిద్రపోయినవారూ ఉన్నారు. వారికి కష్టం బడి తెరిచాక మొదలైంది. రెండేళ్లు తప్పించుకున్న భయం ఒక్కసారిగా ఎదురై బడికి వెళ్లలేమని మొండికేసిన పిల్లల సమస్య ఇంకా తీరలేదు.

ఇక్కడ ఒక విధాన నిర్ణయాన్ని ప్రశ్నించక తప్పదు. ఐరోపాలో ముందుగా బడులు తెరిచిన డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15న చిన్న తరగతులతో మొదలుపెట్టింది. చాలా దేశాలు అదే వరుసను పాటించాయి. చిన్నపిల్లల వల్ల వ్యాప్తి తక్కువ, వారిని ఇంట్లో వదిలి తల్లిదండ్రులు పనికి వెళ్లలేరు, పెద్ద పిల్లలు ఆన్‌లైన్‌లో చదువుకోగలరు. వైరస్ కోణంలో, ఆర్థిక కోణంలో ఇది సబబే. కానీ తోటివారి అవసరం ఎక్కువగా ఉన్న వయసు వారే అందరికంటే ఆలస్యంగా తోటివారిని కలిశారు. వారంలో రెండు రోజులైనా ఆరుబయట, చిన్న గుంపులుగా వారిని కలవనిచ్చే మార్గాలు వెతకవలసింది. పెద్ద పిల్లలు కదా, సర్దుకుంటారన్న లెక్క తప్పింది.

అడుగు వేయబోయి ఆగిపోయినవారు

ఇరవైల్లో ఉన్నవారి కష్టం దీనికి కొనసాగింపు. డిగ్రీ పూర్తయింది, కొలువులు లేవు. హాస్టలు ఖాళీ చేసి, ఇంట్లో తాము వదిలి వచ్చిన గదికే తిరిగి వెళ్లారు. 2020లో ప్రపంచ పని గంటల్లో 8.8 శాతం తగ్గిపోయాయని, అది 25.5 కోట్ల పూర్తికాల ఉద్యోగాలకు సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టింది. ఆ దెబ్బలోనూ యువత ఉపాధి 8.7 శాతం పడిపోతే, వారి కంటే పెద్దవారి ఉపాధి 3.7 శాతమే తగ్గింది. నలభై ఏళ్ల మనిషి రెండేళ్లు కోల్పోతే జీవితంలో కొంత భాగం పోయినట్టు. ఇరవై రెండేళ్ల మనిషికి అప్పటిదాకా ఎదిగిన మనిషిగా గడపవలసిన కాలంలో సగం పోయినట్టు. ఆ తేడాను పెద్దలు గుర్తించలేదు.

రెండు వైపులా మోసినవారు

ముప్పై అయిదు, అరవై మధ్య ఉన్నవారి గురించి పరిశోధనలు తక్కువేమీ కాదు, పట్టింపే తక్కువ. పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు, ఊగిసలాడే ఉద్యోగం, అన్నీ వారి మీదే పడ్డాయి. ముఖ్యంగా పిల్లలున్న తల్లులు రోజుకు రెండు ఉద్యోగాలు చేశారు, వాటిలో ఒకదానికి జీతం లేదు. స్త్రీలలో కుంగుబాటు ఎక్కువగా పెరగడానికి హార్మోన్లలో కారణం వెతకనక్కర్లేదు. ఇంటి చాకిరీ, ముందుగా పోయిన ఉద్యోగాలు, తలుపులు మూసిన ఇళ్లలో హింస చాలు. ఇదే వయసు వైద్యులు, నర్సులు వార్డులో చావులు చూసి, ఇంటికి వచ్చి పిల్లలను తాకడానికి భయపడి విడి గదిలో పడుకున్నారు.

ఆత్మహత్యల విషయంలో జరిగింది జాగ్రత్తగా చూడాలి. తొలి నెలల్లో 21 దేశాల సమాచారం పరిశీలిస్తే పెరుగుదల కనిపించలేదు. ఆపద వచ్చిన కొత్తలో మనుషులు ఒకరినొకరు పట్టుకుని నిలబడతారు. జపాన్‌లో 2020 ఫిబ్రవరి–జూన్ మధ్య ఆత్మహత్యలు 14 శాతం తగ్గాయి కూడా. తర్వాత జులై–అక్టోబరులో 16 శాతం పెరిగాయి. స్త్రీలలో 37 శాతం, పిల్లలు, కౌమారదశలో ఉన్నవారిలో 49 శాతం పెరిగాయి. 2021 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం ఒంటరితనం సమస్యకు ప్రత్యేకంగా మంత్రిని నియమించింది. కలిసికట్టుతనం తొలి విడతతో సడలిపోతుంది, ప్రభుత్వ సాయం అప్పుడే ఆగిపోతుంది, అప్పులు అప్పుడే మీదపడతాయి. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మలి దశలోనే.

వృద్ధులు: నిబ్బరం, దాని వెనక మరుగున పడ్డవారు

వయసు మీదపడిన కొద్దీ మనుషులు మిగిలిన కాలం కొద్దిదని గ్రహించి, ముఖ్యమైన బంధాల మీద, ఈ పూట సుఖం మీద మనసు పెడతారని స్టాన్‌ఫోర్డ్ మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సన్ చాలా కాలంగా చెబుతున్నారు. 2020 ఏప్రిల్‌లో 18 నుంచి 76 ఏళ్ల వరకున్న అమెరికన్లను ఆమె బృందం పరిశీలించినప్పుడు కూడా, ముప్పు ఎక్కువని తెలిసినా, పెద్ద వయసు వారే ఎక్కువ ప్రశాంతంగా ఉన్నారు. కరువు, యుద్ధం, ఆప్తుల మరణం చూసినవారికి ఇదీ గడిచిపోతుందన్న నమ్మకం అనుభవం నుంచి వస్తుంది.

ఈ మంచి వార్తను నమ్మి చేతులు దులుపుకోవడం మాత్రం ప్రమాదం. సర్వేకు జవాబు చెప్పగలిగిన వృద్ధులు ఆరోగ్యంగా, సొంత ఇంట్లో, ఫోను వాడగలిగిన స్థితిలో ఉన్నవారు. 2003లో సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి వ్యాపించినప్పుడు హాంకాంగ్‌లో 65 దాటిన వారిలో ఆత్మహత్యలు పెరిగాయి. జబ్బు భయం, ఒంటరితనం, ఇంట్లోవారికి భారమయ్యామన్న బాధ దాని వెనక ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. వృద్ధాశ్రమాల్లో కొవిడ్ సమయంలో జరిగింది ఇంకా బాధాకరం. వైరస్ లోపలికి రాకుండా సందర్శకులను పూర్తిగా ఆపేశారు. డిమెన్షియా (జ్ఞాపకశక్తి క్షీణించే జబ్బు) ఉన్న తల్లికి కిటికీ అద్దం అవతల కూతురు చెయ్యి ఊపుతుంది. ఫోను చెవి దగ్గర పెట్టినా ఆ గొంతు ఆ మనిషిదేనని తల్లికి తోచదు. ముఖానికి మాస్కు ఉంటే ముఖమే తెలియదు. ఎందుకు రావడం లేదో చెప్పినా పది నిమిషాల్లో మరచిపోతుంది. అలాంటివారికి తెలిసిన భాష స్పర్శ ఒక్కటే. నెలల తరబడి అది లేకపోవడంతో తిండి మానేసినవారు, మంచం పట్టినవారు, మాటలు పోగొట్టుకున్నవారు ఎందరో. వారిని చావు నుంచి కాపాడాలన్న ఆత్రంలో, బతకడం దేనికోసమన్న ప్రశ్న ఎవరూ వారిని అడగలేదు.

నెదర్లాండ్స్‌లో 2020 మే నెలలో 26 వృద్ధాశ్రమాలు జాగ్రత్తలు పాటిస్తూ సందర్శకులను మళ్లీ అనుమతించి, ఫలితాలను పరిశోధకులతో కలిసి నమోదు చేశాయి. దగ్గరివారిని నేరుగా కలవడం నివాసుల మనసుకు ఎంత మేలు చేసిందో అక్కడి సిబ్బందే చెప్పారు. మార్గం లేకపోలేదని దీన్నిబట్టి తెలుస్తోంది. వెతకాలన్న తొందర లేకపోయింది.

వీడ్కోలు లేని చావులు

అన్ని వయసులనూ ఒకేలా తాకింది అసంపూర్ణంగా మిగిలిన దుఃఖం. చివరి చూపు లేదు, అంతిమ సంస్కారానికి నలుగురు లేరు, కొందరికి ఫోను తెరలో కనిపించిన నాలుగు నిమిషాలే వీడ్కోలు. చనిపోయిన మనిషి గురించి పదిమందీ కూర్చుని మాట్లాడుకోవడం ఆచారం మాత్రమే కాదు, దుఃఖం కరిగే దారి కూడా. అది మూసుకుపోయినప్పుడు బాధ గడ్డకట్టి నెలల తరబడి మనిషిని రోజువారీ పనులు చేసుకోనివ్వదు. ఇలాంటి దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ–11లో ప్రత్యేకంగా చేర్చింది. భర్తను పోగొట్టుకున్న వృద్ధురాలిలో ఇది మౌనంగా, తల్లిని పోగొట్టుకున్న పదేళ్ల పిల్లాడిలో కోపంగా, చదువులో వెనుకబాటుగా కనిపిస్తుంది. పిల్లాడి కోపాన్ని అల్లరిగా, వృద్ధురాలి మౌనాన్ని వయసుగా పొరబడితే ఇద్దరికీ సాయం అందదు.

వైరస్ నేరుగా మెదడు మీద చూపే ప్రభావం వేరే. 2.36 లక్షల మంది కొవిడ్ రోగుల రికార్డులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలిస్తే, ఆరు నెలల్లో 34 శాతం మందిలో ఏదో ఒక నాడీ సంబంధ లేదా మానసిక సమస్య నమోదైంది. జబ్బు తీవ్రంగా వచ్చిన వారిలో ఇంకా ఎక్కువ.

మహమ్మారి ఎవరిని చంపుతుందన్న దాన్ని బట్టి మిగిలినవారి దుఃఖం రూపు మారుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఎక్కువగా 20–40 ఏళ్ల వారిని బలి తీసుకుంది. చిన్నపిల్లలు, ముసలి తల్లిదండ్రులు మిగిలిపోయారు. ఎయిడ్స్ కాలంలో ఆఫ్రికాలోని అనేక దేశాల్లో ఇదే జరిగి, అవ్వలు మళ్లీ తల్లులయ్యారు. నార్వే చరిత్ర రికార్డులను తవ్విన స్వెన్ ఎరిక్ మామెలుండ్, 1918 తర్వాత ఆరేళ్ల పాటు ఇన్‌ఫ్లుయెంజా కారణంగా మానసిక చికిత్సాలయాల్లో తొలిసారి చేరినవారి సంఖ్య మామూలు కంటే ఏటా సగటున ఏడు రెట్లకు పైగా ఉందని చూపారు. కొవిడ్‌పై అంతర్జాతీయ అత్యవసర స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తివేసింది. ఆ ఆరేళ్ల లెక్కను ఇక్కడికి అన్వయిస్తే, 2020లో పన్నెండేళ్లున్న పిల్లలను కాలేజీలో, తొలి ఉద్యోగంలో ఇంకా పరిశీలిస్తూనే ఉండాలి. బడి రికార్డులో ఎన్ని పాఠాలు పోయాయో రాసినట్టే, ఇంట్లో ఎవరిని కోల్పోయారో కూడా ఒక వరుసలో రాసి ఉంచితే, సాయం ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది.